కైఫీయత్తుల వెనక ఉన్న బుర్రలు

కల్నల్ కాలిన్ మెకంజీకి దక్షిణాది భాషలు చదవడం రాదు. అయినా దక్షిణాది చరిత్ర సామగ్రిలో పెద్ద సేకరణ ఆయన పేరుమీదే ఉంది. స్కాట్లాండు నుంచి 1783లో వచ్చిన ఈ ఇంజనీరుకు, టిప్పు పతనం తర్వాత మైసూరు సర్వే అప్పగించారు. భూమి కొలతలతో ఆయన ఆగలేదు. ఏ ఊరిని ఎవరు కట్టించారు, ఏ మాన్యం ఎవరిచ్చారు అని కూడా అడిగించాడు.

అడిగినవాళ్లలో మొదటివాడు ఏలూరు నియోగి కుటుంబానికి చెందిన కావలి వెంకట బొర్రయ్య. హళగన్నడ శాసనాలను కూడబలుక్కుని చదివిన ఆ యువకుడు 1803లోనే పోయాడు. తమ్ముడు లక్ష్మయ్య ఆ పని అందుకున్నాడు.

పని నడిచిన తీరు చూడండి. గుమాస్తా ఊళ్లోకి వెళ్తాడు. కరణం ఊరి లెక్కల పుస్తకమైన దండకవిలె తీసి చదువుతాడు, పెద్దలు వంశాల కథలు చెబుతారు, గుడి దగ్గర శాసనానికి నకలు తీస్తారు. కైఫీయత్తులు అనే ఈ ఊరి చరిత్రల కాగితాలు లక్ష్మయ్యకు చేరతాయి. అనువాదకులు వాటిని ఇంగ్లీషులోకి మారుస్తారు. మెకంజీ చదివి, ఖాళీలు ఎక్కడున్నాయో చూసి కొత్త ప్రశ్నలు పంపుతాడు. కరణానికి తన ఊరి మాన్యాలు తెలుసు, పొరుగు సీమ సంగతి తెలియదు. జైనుల విషయాలకు ధర్మయ్య అనే జైన పండితుడు కావాల్సి వచ్చాడు. మొత్తం చరిత్ర ఏ ఒక్క బుర్రలోనూ లేదు, మెకంజీ బుర్రలో అసలే లేదు.

అందరూ మనసు విప్పి చెప్పారనీ కాదు. ఇనాముల గురించి అడిగితే అవి ఊడబెరుకుతారేమోనన్న భయం ఊళ్లలో ఉండేది. కైఫీయత్తు చదివేటప్పుడు ఆ భయాన్నీ లెక్కలోకి తీసుకోవాలి.

1821లో మెకంజీ చనిపోయాడు. హెచ్.హెచ్.విల్సన్ 1828లో అచ్చువేసిన ఆ సేకరణ పట్టికలో 2,070 స్థానిక చరిత్రలు, 8,076 శాసనాల నకళ్లు తేలాయి. మిగిలిన పని తనకిమ్మని లక్ష్మయ్య అడిగాడు. భారతీయుడి చేతికి అది అప్పగించడానికి ఏషియాటిక్ సొసైటీ కార్యదర్శి జేమ్స్ ప్రిన్సెప్ ఒప్పుకోలేదు. పని మిషనరీ విలియం టేలర్‌కు దక్కింది. ఏ కాగితం ఎవరి నోటినుంచి వచ్చిందో ఎరిగిన మనిషిని బయట నిలబెట్టిన ఆ నిర్ణయం క్షమించరానిది. కాగితాలు మిగిలాయి గానీ వాటిని కలిపి చదవగల చూపు పోయింది.

తర్వాత శిథిలమవుతున్న కైఫీయత్తులకు సి.పి.బ్రౌన్ మళ్లీ నకళ్లు రాయించాడు. కడప జిల్లావి ఆయన పేరిట కడపలో ఉన్న భాషా పరిశోధన కేంద్రం నుంచి సంపుటాలుగా అచ్చయ్యాయి. తమ ఊరి చెరువు ఎవరు తవ్వించారో వెతికే పరిశోధకులు తెరిచేది వాటినే.