తిరిగి వచ్చే దారి: వలస చట్టాలలో ఇల్లాలి చోటు

మన తెలుగు ఇళ్ళలో ఒక పాత ఆచారం ఉన్నది. తొలిచూలు ఆడపిల్లకు ఏడవ నెల రాగానే పుట్టింటివారు వచ్చి తీసుకుపోతారు. పురుడు పుట్టింట్లోనే జరుగుతుంది. బిడ్డకు ఐదవ నెల వచ్చిన తరువాత మంచిరోజు చూసి, చీరా సారెతో తల్లినీ బిడ్డనీ అత్తవారింట దిగబెట్టి వస్తారు. వెరసి ఏడెనిమిది నెలలు.

మనం బ్రతుకుతున్న ఈ ఎమిరేట్స్ చట్టంలో మరొక లెక్క ఉన్నది. నివాస వీసా గలవారు ఏకబిగిన 180 రోజులకు మించి దేశం వెలుపల ఉండిపోతే, వీసాపై ఇంకా ఏడాది గడువు మిగిలి ఉన్నాసరే, సాధారణంగా అది చెల్లకుండా పోతుంది. అమ్మమ్మ పెట్టిన లెక్కకూ, సర్కారు పెట్టిన లెక్కకూ పొంతన కుదరదు. ఈ రెంటి మధ్య చిక్కుకునేది ఎవరు? ఇల్లాలే.

ఇది ఈ ఎడారి నేలకు కొత్తగా వచ్చిన చిక్కు కాదు. మన తాతముత్తాతలు సముద్రం దాటిన ప్రతి చోటా ఏదో ఒకనాడు ఈ ప్రశ్న ఎదురైంది. మగవాడు పనికి పోయినచోట ఇల్లాలికి ఏ హక్కు ఉన్నది? ఆమె కొంతకాలం దూరంగా ఉంటే ఆ హక్కు నిలుస్తుందా? మన సంఘంలో నటాల్ నుంచి, మలయా నుంచి వచ్చిన పాత వలస కుటుంబాల మనుమలూ మనుమరాళ్ళూ ఉన్నారు. వారి ఇళ్ళలో ఈ కథ సగం సగంగానైనా వినపడుతూ ఉంటుంది. దానిని ఒక వరుసలో చెప్పుకోవడం ఈ వ్యాసం ఉద్దేశ్యం.

మొదట దక్షిణాఫ్రికా. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో ఓడ డర్బన్ రేవు చేరింది. చెరకు తోటల పనికి వెళ్ళిన ఆ తొలి కూలీల వెనుకనే, తరువాతి ఏళ్ళలో మన తెలుగు జిల్లాలవారూ వేలుగా వెళ్ళారు. అక్కడ అర్ధ శతాబ్దం కాపురాలు చేసిన తరువాత, 1913 మార్చి 14న కేప్ న్యాయస్థానంలో న్యాయమూర్తి సర్ల్ ఒక తీర్పు చెప్పారు. భారతదేశం నుంచి భర్త వద్దకు వచ్చిన ఒక భార్యకు ప్రవేశం నిరాకరించిన కేసు అది. బహుభార్యాత్వాన్ని అనుమతించే మతాచారం ప్రకారం జరిగిన వివాహం ఆ దేశ చట్టం దృష్టిలో వివాహం కాదన్నారు. ఒక్క కలంపోటుతో హిందూ, ముస్లిం ఇల్లాళ్ళందరికీ చట్టంలో భార్య అన్న పేరే లేకుండా పోయింది. ఆ ఏడు సెప్టెంబరులో కస్తూరిబా తదితర స్త్రీలు సత్యాగ్రహంలో దిగి జైలుకు వెళ్ళడానికి ఇది ఒక ముఖ్యకారణం. 1914లో వచ్చిన ఇండియన్స్ రిలీఫ్ చట్టం ఒక భర్తకు ఒక భార్యను గుర్తించింది.

ఆ పిమ్మట 1927లో కేప్ టౌన్ ఒడంబడిక వచ్చింది. స్వదేశానికి పోదలచిన భారతీయులకు ఓడ ఛార్జీలతో పాటు పెద్దలకు 20 పౌన్లు, పిల్లలకు 10 పౌన్లు ఇస్తామన్నారు. మనసు మారి తిరిగి రాదలిస్తే మూడేళ్ళలోగా రావాలి, తీసుకున్న సొమ్ము తిరిగి కట్టాలి. దూరంగా ఉన్న కాలాన్ని ఏళ్ళలో కొలిచి హక్కును తేల్చే పద్ధతి మనవారికి అక్కడ స్పష్టంగా ఎదురైంది.

ఇక మలయా. అక్కడి రబ్బరు తోటలలో, కొబ్బరి తోటలలో పనిచేసిన మనవారిలో చాలామంది భార్యాబిడ్డలను ఊళ్ళోనే ఉంచేవారు. కొన్నేళ్ళకొకసారి ఓడ ఎక్కి వచ్చి చూసిపోయేవారు. తోటలో చాలీచాలని కూలి, ఊళ్ళో ముసలి తల్లిదండ్రులు, బిడ్డల చదువు, ఇవన్నీ కారణాలు.  1959లో మలయాలోనూ, సింగపూరులోనూ వలస చట్టాలకు సవరణలు వచ్చినవి. 1954 డిసెంబరు తరువాత భర్తకు దూరంగా వరసగా ఐదేళ్ళు ఉన్న భార్యకు ప్రవేశం నిరాకరించవచ్చునన్నారు. అత్తమామలను చూసుకుంటూ ఊళ్ళో ఉండిపోవడమే ఆ ఇల్లాలి నేరమైంది. చట్టం దానిని కాపురం విడిపోయినట్లుగా చదివింది.

ఇక్కడ ఒక సంగతి గమనింపదగినది. మన కుటుంబ ధర్మంలో భార్య దూరంగా ఉండడం బాధ్యతకు గుర్తు. పురుడు కావచ్చు, అత్తగారి జబ్బు కావచ్చు, పిల్లల చదువు కావచ్చు. వలస చట్టం మాత్రం దూరాన్ని బాధ్యతగా లెక్కించదు. దానికి తెలిసిన ప్రశ్న ఒక్కటే: నీ ఇల్లు ఎక్కడ?

ఈ ప్రశ్న మరింత పదునుగా వినిపించేది అమెరికాలో. దుబాయి, అబూధాబిలలో ఈనాడు కనిపించే తెలుగు కుటుంబాలలో అమెరికా నుంచి రెండు మూడేళ్ళ ఉద్యోగం మీద వచ్చినవారూ ఉన్నారు. భర్తకు ఇక్కడ పని, భార్య చేతిలో గ్రీన్ కార్డు. ఆ కార్డును పోగొట్టుకోకుండా ఇక్కడ కాపురం చేయడం ఎలా అన్నది వారి బెంగ. దీనికీ చరిత్ర ఉన్నది.

1880 దశకంలో అమెరికా చీనా కార్మికుల రాకను నిషేధించింది. అప్పటికే అక్కడ ఉన్నవారు స్వదేశం వెళ్ళి తిరిగి రావడానికి ఒక ధ్రువపత్రం ఇచ్చేవారు. 1888 అక్టోబరు 1న స్కాట్ చట్టం ఆ పత్రాలన్నిటినీ ఒక్కసారి రద్దు చేసింది. దాదాపు ఇరవైవేల మంది దారి మధ్యలోనో, స్వగ్రామంలోనో నిలిచిపోయారు. చే చాన్ పింగ్ అనే కార్మికుడు సరైన పత్రంతోనే వారం రోజులు ఆలస్యంగా శాన్ ఫ్రాన్సిస్కో చేరాడు. అతనికి ప్రవేశం లేదని 1889లో సుప్రీం కోర్టు కూడా సమర్థించింది. చేతిలో కాగితం ఉండడం వేరు, హక్కు ఉండడం వేరు అని లోకానికి తెలిపిన తీర్పు అది.

1924 చట్టంలో రీఎంట్రీ పర్మిట్ అన్న ఏర్పాటు వచ్చింది. నేటికీ అది ఉన్నది. గ్రీన్ కార్డు గలవారు ఏడాది లేదా అంతకు మించి బయట ఉంటే ఆ కార్డు ఒక్కటీ తిరిగి ప్రవేశానికి చాలదు. బయలుదేరే ముందే, అమెరికా గడ్డపై ఉండగానే, పర్మిట్‌కు దరఖాస్తు పెట్టాలి. వేలిముద్రలు ఇవ్వాలి. సాధారణంగా రెండేళ్ళ వరకు అది చెల్లుతుంది. ఏడాది లోపలే వచ్చినా, ఆరునెలలు దాటి బయట ఉంటే పౌరసత్వానికి కావలసిన నిరంతర నివాసం తెగినట్లుగా భావించే అవకాశం ఉన్నది.

అయితే పర్మిట్ ఉంటే చాలునా? చాలదు. 1988లో అమెరికా వలస అప్పీళ్ళ బోర్డు ముందుకు ఒక తల్లి, పిల్లల కేసు వచ్చింది. భర్త జపానులో ఉండగా ఆమె ఆయన వెంట అక్కడే కాపురముండి, మధ్య మధ్య అమెరికా వచ్చిపోయేది. రీఎంట్రీ పర్మిట్లు కూడా ఉన్నవి. అయినా అది తాత్కాలిక ప్రయాణం కాదనీ, నివాసాన్ని వదులుకున్నట్లేననీ బోర్డు తేల్చింది. తల్లి వదులుకున్నది పిల్లలకూ వర్తించింది. భర్త వెంట నడవడమే తప్పయిందా అని మనసు చివుక్కుమంటుంది. కాని బోర్డు చూసింది ప్రయాణానికి ముగింపు తేదీ ఉన్నదా, తిరిగి రావాలన్న సంకల్పానికి గురుతులు ఉన్నవా అన్నది.

కొందరికి వేరే దారి ఉన్నది. భర్త అమెరికా పౌరుడై, అమెరికా ప్రభుత్వం పనిమీదనో, అమెరికా సంస్థ పనిమీదనో విదేశంలో నియమితుడై ఉంటే, భార్య మామూలుగా కావలసిన నివాస కాలం పూర్తికాకుండానే పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకొనే వీలు చట్టంలో ఉన్నది. భర్తకు గ్రీన్ కార్డు మాత్రమే ఉన్నవారికి ఈ వీలు లేదు.

ఇప్పుడు మన ఇంటి గుమ్మానికి వద్దాం. 1971 డిసెంబరు 2న ఎమిరేట్స్ సమాఖ్య ఏర్పడింది. అంతకు కొద్దికాలం ముందు, 1966 వరకు, ఈ తీరంలో భారత రిజర్వు బ్యాంకు ప్రత్యేకంగా ముద్రించిన గల్ఫ్ రూపాయలు చెలామణీ అయ్యేవి. ప్రవేశాన్నీ, నివాసాన్నీ క్రమపరచే సమాఖ్య చట్టం 1973లో వచ్చింది. దాని స్థానంలో 2021లో కొత్త చట్టం, 2022 అక్టోబరు నుంచి కొత్త నిబంధనలు అమలులోకి వచ్చినవి. ఇన్ని మారినా మూలసూత్రం ఒకటే. ఇక్కడ సామాన్యులకు శాశ్వత నివాసం అన్నది లేదు. ఒకరి నివాసం మరొకరి పూచీపై నిలుస్తుంది. భర్త ఉద్యోగం పోతే భార్య వీసా కూడా కదలిపోతుంది. ఈమధ్య భార్యే ఉద్యోగం చేస్తూ భర్తకు పూచీగా ఉన్న ఇళ్ళూ ఉన్నవి. అక్కడ ఇదే కథ తిరగబడుతుంది.

కాలం కొంత మెత్తబడిందనే చెప్పాలి. పూర్వం కుటుంబాన్ని తెచ్చుకోవడానికి ఏ ఉద్యోగం అని చూసేవారు. 2019 నుంచి జీతం చూస్తున్నారు: నాలుగువేల దిర్హములు, లేక మూడువేలతో పాటు వసతి. భర్త చనిపోయిన, విడాకులు పొందిన స్త్రీలకు ఒక ఏడాది పాటు ఉండే వీలు 2018లో కల్పించారు. గోల్డెన్ వీసా గలవారికి ఆరునెలల నిబంధన లేదు. బయటి దేశాలలో చదివే విద్యార్థులకు, వైద్యానికి వెళ్ళినవారికి మినహాయింపులున్నవి. 180 రోజులు దాటినవారు సరైన కారణం చూపి, జరిమానా కట్టి, తిరిగి వచ్చేందుకు అనుమతి కోరే పద్ధతి 2023లో వచ్చింది.

2020 మార్చిలో కరోనా కారణంగా బయట ఉన్న నివాసులకు ప్రవేశం ఆగిపోయినప్పుడు ఈ గడువు అంటే ఏమిటో అందరికీ తెలిసింది. పెళ్ళికనో, పురుడుకనో వెళ్ళిన తల్లీబిడ్డలు అక్కడ, ఇంటి తాళాలు ఇక్కడ. 2021 ఏప్రిల్ చివర భారతదేశం నుంచి ప్రయాణాలు మళ్ళీ ఆగినవి. ప్రభుత్వం గడువు సడలించింది కాబట్టి చాలామంది బయటపడ్డారు. దయ చూపినందుకు కృతజ్ఞత చెప్పుకోవలసిందే. కాని దయ మీద కాపురం నిలబెట్టుకోరాదు.

అమెరికా కార్డుతో ఇక్కడ ఉన్న ఇల్లాలికి రెండు గడియారాలు. ఒకటి ఆరునెలలకొకసారి ఇటు రమ్మంటుంది, మరొకటి ఏడాది తిరగకముందే అటు రమ్మంటుంది. రెంటినీ సరిచూసుకోవలసిన భారం ఆమె మీదనే పడుతుంది.

కనుక పెద్దల అనుభవం నుంచి మనం నేర్వవలసినవి కొన్ని ఉన్నవి. ప్రయాణానికి ముందే వెళ్ళే తేదీ, వచ్చే తేదీ రాసుకోవాలి. ఉద్యోగం తాత్కాలికమని తెలిపే ఉత్తర్వు ప్రతి భార్య చేతిలో కూడా ఉండాలి. అమెరికాలో బ్యాంకు ఖాతా, చిరునామా ఆమె పేరునా ఉండాలి, అక్కడి ఆదాయపు పన్ను పత్రం నివాసిగానే దాఖలు చేయాలి. పురుడుకు పుట్టింటికి పంపేటప్పుడు పంచాంగంతో పాటు వీసా తేదీ కూడా చూడాలి. ఇక్కడ పుట్టిన బిడ్డకు 120 రోజులలోగా వీసా తీసుకోవాలి. నిబంధనలు మారుతూ ఉంటవి గనుక, బయలుదేరే ముందు అధికారులనే అడిగి తెలుసుకోవాలి. చుట్టాల మాట మీద విమానం ఎక్కరాదు.

అన్నిటికన్న ముఖ్యం, ఈ విషయాలు ఇల్లాలికి స్వయంగా తెలిసి ఉండడం. నటాల్‌లోనైనా, మలయాలోనైనా చట్టం మారిన సంగతి ఇల్లాలికి చివరగా తెలిసింది, నష్టం మొదట తగిలింది. మన ఇళ్ళలో బీరువా తాళం ఆమె కొంగున ఉంటుంది. ఆ బీరువాలోని కాగితాల అర్థం కూడా ఆమెకు తెలిసి ఉంటే, ఏ దేశం వెళ్ళినా తిరిగి వచ్చే దారి తెరిచే ఉంటుంది.