తోటి రోగి మాట



ఏలూరు నుండి కైకలూరు మార్గమున గాని, తాడేపల్లిగూడెము చుట్టునున్న కాలువ గట్ల వెంబడి గాని నీవు ప్రయాణము చేసినయెడల ఎటు చూచినను నీళ్లే కనబడును. కాలువలు, బోదెలు, వరిచేలు, చేపల చెరువులు, వాటికి దిగువను కొల్లేరు. ఆ నీళ్లే ఈ సీమకు అన్నము పెట్టినవి. అయితే ఈ సీమలో పుట్టి పెరిగినవారికి మరియొక దృశ్యమును తెలియును. సభలో వెనుక వరుసను కూర్చుండి, అందరును వెళ్లిన తరువాత మెల్లగా లేచు మనుష్యుడు ఒకడుండును. అతని పంచె అంచు నేలకు ఆనుచుండును. స్త్రీయైతే చీర కుచ్చెళ్లు పాదములను పూర్తిగా కప్పియుండును. ఆ గుడ్డ చాటున దాగియున్నది బోదకాలు.

బహుశా ఆ వెనుక వరుసలోనివాడవు నీవే కావచ్చును. అట్లయిన యెడల సంకోచింపక ఈ పేజీ తుదివరకు చదువుము. దీనిని వ్రాయుచున్న నేనును ఆ వరుసలోనివాడనే.

మన వ్యాధి క్రొత్తది కాదు. సుశ్రుతుని వైద్యగ్రంథమందు దీనికి శ్లీపదమని పేరు. ఏ దేశములలో పాత నీరు నిలిచియుండునో, ఏ ఋతువునందైనను నేల చల్లగా నుండునో, అట్టి దేశములలో ఈ వ్యాధి విశేషముగా పుట్టునని ఆ గ్రంథము చెప్పుచున్నది. ఆ మాటలు చదివినప్పుడు మన తమ్మిలేరును, బుడమేరును, అవి వచ్చి చేరు కొల్లేటి పల్లమును చూచి వ్రాసిరా అనిపించును. నీటికిని ఈ వాపునకును సంబంధము గలదని పెద్దలు ఆనాడే గ్రహించిరి. ఆ సంబంధమేమో తెలియుటకు మాత్రము ఎన్నో శతాబ్దములు పట్టినది.

ఈ మధ్యకాలమందు తెలియనిదానికి మనుష్యులు శాపమని పేరు పెట్టిరి. ఇందులో మన క్రైస్తవులకును పాలు గలదని సిగ్గుతో ఒప్పుకొనవలెను. 1583లో గోవాకు వచ్చి అక్కడి ఆర్చిబిషప్పుగారి యొద్ద కార్యదర్శిగా పనిచేసిన వాన్ లిన్‌స్కోటెన్ అను డచ్చి దేశస్థుడు 1596లో తన ప్రయాణ గ్రంథమును ప్రకటించెను. దక్షిణ దేశమున ఏనుగు కాళ్లవలె కాళ్లు వాచినవారిని గూర్చి అందులో వ్రాయుచు, వారు తోమా అపొస్తలుని చంపినవారి సంతతియనియు, ఆ పాపమే వారి కాళ్లకు తగిలినదనియు జనులు చెప్పుకొనుచున్నారని తెలిపెను. ఆ కథ ఎంతగా వ్యాపించెననగా ఐరోపావారు ఈ వ్యాధికి తోమాకాలు అను పేరే పెట్టిరి. పుట్టుగ్రుడ్డివానిని చూచి పాపము చేసినది వీడా, వీని కన్నవారా అని శిష్యులు అడిగినప్పుడు ప్రభువు ఇచ్చిన జవాబు సువార్తలో వ్రాయబడియుండగానే, ఆయన పేరు పెట్టుకొన్నవారు ఈ కథను నమ్మిరి. నేటికిని మన ఊళ్లలో పెండ్లి సంబంధము మాటలాడువేళ ఆ ఇంట బోదకాలు ఉన్నదట అని గుసగుసలాడుటలో ఆ పాత శాపము వాసన లేకపోలేదు.

సత్యము తెలిసిన విధము వినుము. 1872లో కలకత్తాలో తిమోతి లూయిస్ అను వైద్యుడు మనుష్యుని రక్తములో కంటికి కనబడనంత చిన్న పురుగులను సూక్ష్మదర్శిని క్రింద చూచెను. వాటి తల్లి పురుగును 1876లో ఆస్ట్రేలియా దేశమందలి బ్రిస్బేన్‌లో జోసెఫ్ బాన్‌క్రాఫ్టు కనుగొనెను. మరుసటి సంవత్సరము చైనా రేవుపట్టణమైన అమోయ్‌లో పాట్రిక్ మాన్సన్ ఆ పిల్ల పురుగులు దోమ కడుపులో పెరుగుచున్నవని కనిపెట్టెను. అయితే దోమలు నీటిలో పడి చచ్చుననియు, ఆ నీరు త్రాగినవారికి వ్యాధి వచ్చుననియు మాన్సన్ తలంచెను. అది పొరపాటు. దోమ తొండములోనే పురుగు ఉన్నదని 1900లో జార్జి లో చూపించిన తరువాత కాటు ద్వారానే వ్యాధి వచ్చునని తేలినది.

కాబట్టి చదువరీ, తప్పు కొల్లేటి నీటిది కాదు, పారు కాలువది కాదు. మన ఇండ్ల ముందు కదలక నిలిచిన మురుగులోను, మూతలేని గుంటలలోను పుట్టు క్యూలెక్స్ దోమ ఈ పురుగును ఒకరి నుండి ఒకరికి మోయుచున్నది. ఒక్క కాటుతో వ్యాధి రాదు. నెలల తరబడి, ఏండ్ల తరబడి కాట్లు పడవలెను. పసితనమున ప్రవేశించిన పురుగు యౌవనమునకు గాని వాపుగా బయలుపడకపోవచ్చును. ఇది తాకుటవలన అంటదు, కలిసి భుజించుటవలన అంటదు. నీ కాలు చూచి దూరముగా జరిగినవానికి నీవు ఈ సంగతి ధైర్యముగా చెప్పవచ్చును.

1947లో డి.ఇ.సి. అను మందు ఈ పురుగులపై పనిచేయునని తెలిసినది. 1955లో భారత ప్రభుత్వము జాతీయ ఫైలేరియా నియంత్రణ పథకమును ఆరంభించెను. ఈ పురుగు పిల్లలు పగలు లోపల దాగి, రాత్రి వేళ పై రక్తములోనికి వచ్చును. అందువలన ఉద్యోగులు రాత్రి పూట ఇంటింటికి వచ్చి వ్రేలికొన నుండి చుక్క రక్తము గాజుపలకపై తీసికొనుట మన ప్రాంతమున పెద్దలందరును ఎరిగినదే. 2004 నుండి వ్యాధిగల జిల్లాలలో రోగము కనబడినవారికిని కనబడనివారికిని కూడ ఏటికొకమారు డి.ఇ.సి. మాత్రలు ఇచ్చుట మొదలైనది. తరువాత ఆల్బెండజోల్ మాత్రయు చేరినది. నాటి పశ్చిమ గోదావరి, కృష్ణా జిల్లాలు రెండును ఆ జాబితాలోనివే. 2027 నాటికి దేశములో ఈ వ్యాధి వ్యాప్తిని నిర్మూలింపవలెనని ప్రభుత్వము గడువు పెట్టుకొన్నది. గర్భిణులు, రెండేండ్లలోపు బిడ్డలు, తీవ్రముగా జబ్బుపడినవారు తప్ప ఆ మాత్రలు అందరును మ్రింగవలెను. వాటిని చేతిలో పుచ్చుకొని పెరటిలో పారవేయుట పొరుగువాని బిడ్డకు చేయు అపకారము.

అయితే నీ మనస్సులోని ప్రశ్న నేనెరుగుదును. ఇప్పటికే వాచిన నా కాలికి ఈ మాత్ర ఏమి చేయును? నిజము చెప్పవలెనన్న, ముదిరిన వాపును అది తీసివేయదు. ఇక్కడనే అనేకులు ఆశ విడిచిరి. ఇక చేయదగినది లేదను మాట మనవారిని శాపము కంటె ఎక్కువగా క్రుంగదీసినది.

నేనును దానిని నమ్మినవాడనే. ఇరువది రెండవ యేట నా కుడికాలు వాచెను. ఏటికి మూడు నాలుగుమారులు చలిజ్వరము వచ్చును, గజ్జలలో బిళ్ల కట్టును, కాలు ఎర్రబడి మండును. అది దిగిన ప్రతిమారును కాలు మునుపటికంటె లావయ్యెడిది. ఇరువది యేండ్లు దానిని పంచె క్రింద దాచితిని. చెల్లెలి పెండ్లినాడు పందిటిలోనికి పోక వంటశాలలో నిలిచితిని. ఒకనాడు ఆసుపత్రి వరుసలో నా ముందు నిలిచిన స్త్రీ ఒకతె, చేపలు అమ్ముకొని జీవించునది, వెనుకకు తిరిగి నా కాలువైపు చూచెను. ఆమె కాళ్లు రెండును బోదకాళ్లే. “తమ్ముడూ, రాత్రి పడుకోబోయే ముందు కడుగుతున్నావా? వేళ్ల సందుల్లో తడి ఉంచకు, జ్వరం అక్కడినించే వస్తుంది” అని చెప్పెను. అంతవరకు నా కాలిని గూర్చి జాలితో మాటలాడినవారు గలరు, ఎగతాళిగా మాటలాడినవారు గలరు. పనికివచ్చు మాట చెప్పినవారిలో ఆమెయే మొదటిది.

ఆమె చెప్పినది వైద్యశాస్త్ర సమ్మతమైన మాటయని తరువాత తెలిసికొంటిని. 1990 దశకమున బ్రెజిలు దేశములోని రెసీఫె పట్టణమున జెరూసా డ్రెయ్యర్ అను వైద్యురాలు ఈ రోగులను ఓపికగా పరిశీలించెను. ఆ మాటిమాటికి వచ్చు జ్వరము చాలవరకు పురుగువలన వచ్చునది కాదు. వాచిన కాలి చర్మమందలి పగుళ్ల ద్వారా, వ్రేళ్ల సందులలోని ఒరుపుల ద్వారా ప్రవేశించు మామూలు సూక్ష్మజీవులవలన వచ్చునది. ఒక్కొక్క జ్వరము కాలిని మరికొంత లావు చేయును. జ్వరములను ఆపినయెడల వాపు పెరుగుట నిలుచును, కొందరికి తగ్గును కూడ. ఆపుటకు కావలసినది సబ్బు, శుభ్రమైన నీరు, పొడిగుడ్డ.

ఇంత సులువైన పని ప్రతి దినము, జీవితమంతయు చేయుటయే కష్టము. దానికిని రెసీఫెలో మార్గము దొరకినది. రోగులు ఒకచోట కూడి, ఒకరి కాలు ఒకరు చూచుకొని, కడుగు విధము నేర్చుకొని, బాగుపడినవారు క్రొత్తవారికి నేర్పుచుండిరి. ఆ కూటములకు ఆశా సంఘములని పేరు. హైటీ దేశమందలి లియోగాన్‌లోను ఇట్టి కూటములు ఏర్పడినవి. అక్కడ ఎక్కువమంది స్త్రీలే. వైద్యుడు నెలకొకమారు చెప్పగలడు. తోటి రోగి ప్రతి ఆదివారము అడుగగలడు.

కాబట్టి ఆమె నాకు చెప్పినదియు, నేను నేర్చుకొన్నదియు నీకు చెప్పుచున్నాను.

దినమునకు రెండుమారులు కడుగుము. ఒక్కమారే వీలైనచో రాత్రి నిద్రకు ముందు కడుగుము. వేడినీళ్లు వద్దు. మోకాలి నుండి క్రిందికి చేతితో మెల్లగా సబ్బు రాయుము. రాయితో గాని, పీచుతో గాని తోమవద్దు. చర్మపు మడతలలోను, వ్రేళ్ల సందులలోను కడిగి, జారు నీరు తేటగా వచ్చువరకు నీళ్లు పోయుము. తరువాత మెత్తని గుడ్డతో అద్ది ఆరబెట్టుము. ఆరబెట్టుట మరచిన యెడల కడిగిన ఫలము సగము పోవును. వెలుతురులో పగుళ్లకొరకు వెదకుము. పగులు కనబడినయెడల ఆరోగ్య కేంద్రములో ఇచ్చిన మలామునే పూయుము. పేడ, సున్నము, ఆకు పసరు వద్దు.

కూర్చున్నప్పుడు కాలు పీటపై ఎత్తిపెట్టుము. పండుకొన్నప్పుడు పరుపు క్రింద పాదములవైపు దిండు పెట్టుము. గుండె జబ్బు గలవారు మాత్రము వైద్యుని అడిగి చేయవలెను. మడమలెత్తి నిలుచుట, పాదమును గుండ్రముగా త్రిప్పుట దినమునకు కొన్నిమారులు చేయుము. బిగుతులేని చెప్పులు తొడుగుము. నాట్లు వేయు అక్కలారా, చేపల చెరువులలో దిగు అన్నలారా, మీకు నీరు మాని బ్రదుకుట సాధ్యము కాదని నాకు తెలియును. గట్టెక్కిన వెంటనే మంచినీటితో కాళ్లు కడిగి ఆరబెట్టుకొనుడి. అది సాధ్యమే.

జ్వరము వచ్చిన దినమున పని మానుము. కాలు ఎత్తిపెట్టి, తడిగుడ్డ వేసికొని, నీళ్లు బాగుగా త్రాగి, వైద్యుని యొద్దకు పొమ్ము. ఆ దినమున కాలు మర్దన చేయవద్దు, వ్యాయామము వద్దు. వరిబీజము గల పురుషులారా, దానికి శస్త్రచికిత్స గలదు. సిగ్గుచేత దానిని ఏండ్ల తరబడి మోయవద్దు. రెండు కాళ్లకును తీవ్రముగా బోద వచ్చినవారికి మన రాష్ట్ర ప్రభుత్వము పింఛను ఇచ్చుచున్నది. అది భిక్షము కాదు. అర్హత గలవారు అడుగవలెను.

ఇన్ని చెప్పిన తరువాత నీవు పది దినములు కడిగి పదునొకండవ దినమున మానివేయుదువని నాకు తెలియును. నేనును మానితిని. వాపు తగ్గలేదని విసుగుకొంటిని. అప్పుడు ఆ అక్కయే మరల కనబడి, కాలి లావు కొలుచుకొనవద్దు, ఈ సంవత్సరము ఎన్ని జ్వరములు వచ్చినవో లెక్కించుకొనుము అని చెప్పెను. గోడమీది పంచాంగములో గుర్తులు పెట్టితిని. మొదటి సంవత్సరము నాలుగు. మరుసటి సంవత్సరము రెండు. ఆ తరువాత ఒక సంవత్సరమంతయు గుర్తు లేకయే గడచెను. నా కాలు నేటికిని లావే. అయితే నేను పనికి పోవుచున్నాను, పందిటిలో కూర్చుండుచున్నాను.

ఏటేటా పరిశుద్ధ గురువారమున ప్రభువు శిష్యుల పాదములు కడిగిన వృత్తాంతమును మనము వినుచున్నాము. మీరును ఒకరి పాదములు ఒకరు కడుగవలెనన్న ఆజ్ఞను ఉపమానముగా ఎంచి ఇంటికి పోవుచున్నాము. బోదకాలు గల ఇంట అది ఉపమానము కాదు. వంగలేని ముసలితల్లి వ్రేళ్ల సందులు తుడుచుటకు ఆమె కుమారుని చేయి కావలెను. వెనుక వరుసలో కూర్చున్నవానికి ప్రక్కన వచ్చి కూర్చుండు ఒకడు కావలెను.

నీకు ఈ వ్యాధి లేనియెడల ఇంటిముందు మురుగు నిలువనీయకుము, దోమతెర కట్టుము, మాత్ర మ్రింగుము, కాలు చూచి ముఖము త్రిప్పుకొనకుము. నీకు ఈ వ్యాధి ఉన్నయెడల ఈ రాత్రియే ఒక చెంబెడు నీళ్లు, సబ్బు తీసికొని మొదలుపెట్టుము. పిమ్మట మీ ఊరిలో కాలు దాచుకొని తిరుగుచున్న మరియొకని యింటికి పొమ్ము. మొదట నీ పంచె కొంచెము పైకెత్తి నీ కాలు అతనికి చూపుము. అతడు తన కాలు చూపించుటకు అంతకంటె వేరు మాట అక్కరలేదు.