వెనుక లేని బట్ట

ఆ పత్తికట్టె ఇంకో రెండు ముక్కలు ఎయ్యిరా నెగట్ల. మెల్లగ ఎయ్యి, రవ్వలు లేస్తయి. గొంగట్ల పడితే బొక్క పడ్తది. ఆ బొక్క పూడ్చే కండ్లు నాకిప్పుడు లేవు.

ఏం బిడ్డా, శనివారం, ఐతారం రెండు దినాలు యాడికో పోతున్ననంటివి గద? నేసేటోళ్లు, వడికేటోళ్లు, రంగులు వేసేటోళ్లు అందరు ఒక్క కాడ కూడుతరట. మీ అమ్మ 'పైసలు దండుగ' అన్నది, నేను ఇన్న. ముప్పై ఏండ్ల కింద మా అత్త గూడ గదే మాట అన్నది. నేను ఆమె మాట ఇనలే. ఇనకపోతే ఏమైందో చెప్త, దగ్గరికి జరుగు.

మాది పుట్టపాక పక్క పల్లె. మీ తాత మగ్గం మీద కూసుంటే పొద్దు తెల్వకపోయేది. గని గప్పటికి రెండు, మూడేండ్ల సంది ఆ మనిషి మొకంల కళ లేదు. షావుకారు నూలు ఇచ్చేటోడు, కాయితం మీద నమూనా ఇచ్చేటోడు, గదే చీర మళ్లీ మళ్లీ నేసుడు. ఎర్ర కొంగు, ఆకుపచ్చ అంచు, నడుమ గవే వంకీలు. '1991ల నూలు ధర మండింది' అంటే మీకు అంకెలెక్కనే ఇనిపిస్తది. చీరాల దిక్కు నేసేటోళ్లు తిండి లేక పానం పోగొట్టుకున్నరని పేపర్ల వచ్చింది. ఆ పేపరు మీ తాత మడిచి మగ్గం గుంట పక్కన పెట్టుకున్నడు. అది తియ్యమంటే తియ్యకపోయేది.

తర్వాత రెండేండ్లకు, గిట్లనే సలికాలంల, బట్ట మీద పాయిరం ఉన్న పట్నపోళ్లు కొందరు కబురు పెట్టిండ్రు. పట్నం అవుతల మామిడితోటల రెండు దినాలు ఉండాలె, బస్సు కిరాయి వాళ్లదే, బువ్వ వాళ్లదే. 'నేసే మనిషి రావాలె' అని రాసిండ్రు. మీ తాత నన్ను గూడ తోలుకపోయిండు. ఎందుకనుకున్నరు? పేక నూలు పోసే ఆసు మొయ్యనీకి! నవ్వకుండ్రి, నిజం చెప్తున్న. ఆసు కొయ్యలు బస్సు మీద కట్టి, దారి పొడుగూత 'పడ్తయేమో సూడు, పడ్తయేమో సూడు' అని నా పానం తీసిండు.

ఆడ కూసున్నంక సూస్తిమి గద, ఎవ్వలు నోరు విప్పరు. నారాయణపేట ఆయన తన మూట మీద కోడి గుడ్ల మీద కూసున్నట్టు కూసున్నడు. గద్వాల ఆయన చీరను సగం ఇప్పి, మళ్ల మడిచిండు. పని గుట్టు చెప్తే పొట్ట కొట్టుకున్నట్టే అని మా సాలోళ్లకు పుట్టుకతోని వచ్చిన భయం. పిలిచినోళ్లు మాట్లాడిందే మాట్లాడవట్టిరి. 'కొత్త పోకడ, కొత్త పోకడ' అంటున్నరు. నాకు నిద్ర వచ్చింది.

ఆ చుప్పుదనం పోగొట్టింది ఒక ముసలవ్వ. శ్రీకాకుళం దిక్కు పొందూరు నుంచి వచ్చింది. చేతులు ఊకె పెట్టుకోలేక, చాప మీద కూసొని సంచిలకెళ్లి పత్తి తీసింది. ఆ తర్వాత ఏదో ఎముక తీసింది. మేమందరం మెడలు సాపినం. అది వాలుగ చేప దవడ. సన్నసన్నయి పండ్లు, దువ్వెన లెక్క. గింజ తియ్యని పత్తిని ఆ దవడతోని దువ్వుతుంటే దుమ్ము, చెత్త దానికి పట్టుకుంటున్నది, పోగు మాత్రం చక్కగ సాఫైతున్నది. ఇనుప దువ్వెనతోని చేస్తే పోగు తెగుతదట. ఆ తర్వాత చెక్క మీద పత్తి పెట్టి, సన్న కడ్డీతోని ఒత్తి గింజను బయటికి నూకింది. చిన్న విల్లుతోని ఏకింది. ఏకులు చుట్టి ఎండిన అరటి దొప్పల పెట్టింది, గాలి తాకకుండ. ఒక్క గింజ తియ్యనీకి గింత పనా అనుకున్న నేను.

రాట్నం తిప్పుడు మొదలుపెట్టినంక ఆ పోగు నా కండ్లకు ఆనలే. ఎండకు పట్టి చూస్తే గని కనిపించలే. 'వంద నంబరు' అన్నది. మీ తాత లెక్క మనిషి గద, గక్కడనే వేళ్ల మీద లెక్క వేసిండు. పౌను నూలుల ఎన్ని చిలపలుంటయో గదే నంబరు, ఒక్కో చిలప 840 గజాలు. అంటే పౌను దూదిని వంద నంబరుకు వడికితే 84 వేల గజాలు. డెబ్బై ఆరు కిలోమీటర్లు దాటుతది. అర్ధకిలోకు జర తక్కువ దూది, మా ఊరి నుంచి పట్నం దాకా పరిచినా ఇంకా మిగులుతది! మీ తాత నోరు తెరిచి సూసిండు. అయిదేండ్ల పిలగాని మొకం మళ్ల వచ్చింది ఆ మనిషికి.

ఇగ అందరి మూటలు ఇప్పుకున్నయి. ముసలవ్వ పని చూపెట్టినంక మనం దాచుకుంటే సిగ్గు గాదా?

పగటి బువ్వలకు జొన్న రొట్టె, పచ్చిపులుసు. పొందూరోళ్లు రొట్టెను రెండు మూడు దిక్కులకెళ్లి సూసుకుంట కూసున్నరు. నేను 'ఆనపకాయ కూర ఉన్నది, అన్నంల కలుపుకోండ్రి' అంటే ముసలవ్వ ఎగిరి కూసున్నది. 'ఓలమ్మో, మీరూ ఆనపకాయే అంటారా? సొరకాయనరా?' అన్నది. గా ఒక్క కాయ మాకు సుట్టరికం కలిపింది. ఆ దినం మొత్తం నన్ను ఇడువలే.

పొద్దు వాలినంక రంగులాయన వంతు. పెడన దిక్కు, కలంకారీ ఇంటి మనిషి. మూడు దినాల ముందే వచ్చి తోట మూలకు మట్టిగోళెం పాతి నీలి పులియబెట్టిండు. నీలిమందు నీళ్లల్ల కరగదట. సున్నం, బెల్లం, ఉడకబెట్టిన తగిరెస గింజలు ఏసి పులియబెడితేనే నూలుకు పడ్తదట. గోళెం దగ్గరికి పోతే ముక్కు మూసుకుంటిమి. ఆయన మాత్రం వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నడు! 'సున్నం తక్కువైందమ్మా, నాలుకకి తెలుస్తుంది' అన్నడు. చిటికెడు సున్నం ఏసి, గంటసేపు మమ్ములను కూసోబెట్టిండు.

ఇగ సూడు. గోళెంల నీళ్లు నీలంగ లేవు. పసుపు, ఆకుపచ్చ కలిసినట్టున్నయి. పైన మాత్రం రాగి మెరుపు నురగ. తెల్ల నూలు చిలప ముంచి మెల్లగ తీసిండు. బయటికి వచ్చినప్పుడు చిలుక పచ్చ రంగు. గాలి తాకిందో లేదో, ఆ చిలప ఆయన చేతులనే నీలం అయింది. కొసల నుంచి నడుమకు, నేను సూస్తుండంగనే. నా చిన్నప్పటి సంది రంగు అంటే డబ్బాల వచ్చే పొడి అనుకున్న. 'జర్మనీ కంపెనీ 1897లో మందు నీలి అమ్మటం మొదలుపెట్టిందమ్మా, ఆ తరవాతే ఈ గోళేలు ఒక్కొక్కటీ ఎండిపోయినై' అన్నడాయన. ఆ రాత్రి నాకు కండ్లు మూస్తే ఆ పచ్చ, నీలమైతున్న పచ్చ కనిపించింది.

అసలు ముచ్చట ఐతారం నాడు.

మీ తాత మూట ఇప్పి తేలియా రుమాలు పరిచిండు. ఎరుపు, నలుపు, తెలుపు, మూడే రంగులు. ఆముదం కాయల పొట్టు కాల్చిన బూడిద నీళ్లల్ల, నూనెల నూలును దినాలకు దినాలు పిసికితే గని ఆ ఎరుపు పట్టదు. ఆ నూనె వాసన బట్టకు ఎప్పటికీ పోదు, గందుకే తేలియా అని పేరు. ఒకప్పుడు అరబ్బు దేశాలకు ఓడల మీద పోయిన బట్ట అది. ముసలవ్వ దాన్ని అందుకొని తిప్పింది. మళ్ల తిప్పింది. దీపానికి పట్టింది.

'ఓలమ్మో, దీనికి ముందేటి, ఎనకేటి?' అన్నది.

రంగులాయన నవ్విండు. 'మా గుడ్డకి వెనక ఉంటుందమ్మా. మేం పైనుంచి అచ్చు అద్దుతాం, వెనకవైపు పాలిపోయి ఉంటుంది. వీళ్లు నేయకముందే నూలుకి రంగేస్తారు. పోగు అంతా అదే రంగు. అందుకే రెండు వైపులా ఒకటే' అన్నడు.

మీ తాత ఛాతీ ఇంత అయింది. చెప్పుడు మొదలుపెట్టిండు. పడుగు మీద, పేక మీద గళ్ల కాయితం లెక్క గుర్తులు పెట్టుడు, పాత సైకిల్ ట్యూబు ముక్కలతోని చిటికి కట్టుడు, ముంచుడు, కట్లు ఇప్పుడు, మళ్ల కట్టుడు, మగ్గం మీద పోగుకు పోగు కలుపుడు. అరగంట చెప్పిండు. ఆ అరగంటల 'ముందుగాల పేక నూలు ఆసు పోస్తరు' అని నాలుగైదు మాటలల్ల దాటేసిండు.

ముసలవ్వ ఆపింది. 'ఆసు ఎవులు పోసినారు?'

మీ తాత చెప్పలే. నా దిక్కు సూసిండు. నేను వాళ్లందరి వెనుక, ఆసు కొయ్యల పక్కన కూసున్న.

పెండ్లయి పదహారేండ్లు అప్పటికి. ఎన్ని చీరలకు ఆసు పోసిన్నో లెక్క లేదు. షావుకారు అడగలే, కొన్నోళ్లు అడగలే, కట్టినోళ్లు అడగలే. గామె అడిగింది. నాకు మాట రాలే. లేచి ఆసు నిలబెట్టి పోసి చూపెట్టిన. మీరు సూడలేదు గద బిడ్డా, అది అర్ధచంద్రం లెక్క ఉంటది. ఒక్క కొయ్య ఈ దిక్కు, ఎదురుంగ వరుసగ కొయ్యలు. నూలు పట్టుకొని చెయ్యి ఈ కొస నుంచి ఆ కొసకు, మీటరు దూరం, పోవాలె, రావాలె. ఒక్క చీరకు తొమ్మిది వేల సార్లు. నాలుగైదు గంటలు. నడుమ ఒక్క సారి లెక్క తప్పితే కొంగు మీది హంసకు మెడ విరుగుతది. ముసలవ్వ ఏం అనలే. కొద్దిసేపు లెక్కపెట్టింది, ఆపేసింది. దగ్గరికి వచ్చి నా కుడి భుజం మీద చెయ్యి పెట్టి ఒత్తింది. ఎక్కడ నొస్తదో చెప్పలే నేను. ఆమె బొటనవేలు సక్కగ గాడికే పోయింది. రాట్నం తిప్పినోళ్లకు గదే కాడ నొస్తదట.

తోట గప్పచుప్పయింది. రంగులాయన మీ తాతను అడిగిండు, 'మరి ఈ లెక్కలన్నీ ఆవిడ బుర్రలోనే ఉన్నాయా?' అని. మీ తాత 'అవు' అన్నడు. గా ఒక్క మాటనే. గని ఆ 'అవు' నేను పదహారేండ్లు ఎదురుసూసిన మాట.

వచ్చేటప్పుడు ముసలవ్వ నాకు ఒక అరటి దొప్పల నాలుగు ఏకులు, రెండు చిలపల నూలు ఇచ్చింది. 'మీ కట్లకి ఇది ఆగదు గుంటా' అని ముందే చెప్పింది. మీ తాత ఇంటడా? ఇంటికి రాంగనే ఆ నూలుకు చిటికి కట్టిండు. ట్యూబు ముక్క గట్టిగ లాగిండో లేదో పుటుక్కున తెగింది. మొత్తం దినం ముడులు ఏసుకుంట కూసున్నడు. ఆఖరుకు చేతులెత్తి దండం పెట్టి పక్కన పెట్టిండు. ఎవరి నూలు వాళ్ల పనికి పుడ్తది.

గని నేను తెచ్చుకున్నది ఇంకోటి ఉన్నది. చిలప నీలమయ్యేటప్పుడు కొసల ఒక రంగు, నడుమల ఒక రంగు ఉన్నది గద. మీ తాతను అడిగిన: ముందుగాల కొన్ని జాగలల్ల కట్టి లేత నీలంల ముంచు, మళ్ల ఇంకొన్ని జాగలల్ల కట్టి ముదురుల ముంచు, తెలుపు, లేత నీలం, నిండు నీలం మూడు వస్తయి గద, అని. గోళెం లేకపాయె, డబ్బా రంగుతోనే చేసినం. నెల పట్టింది. షావుకారు సూసి 'నీలం చీర శుభకార్యానికి ఎవ్వలు కడ్తరు' అని విసిరేసిండు. మీ తాత ఆ చీర మళ్ల మడిచి, 'లెక్క ఆమెది, ఆసు ఆమెది, నేత నాది' అన్నడు. షావుకారుకు సమజు కాలే. నాకైంది.

ఆ తర్వాత ఆలేరు దిక్కు శారాజీపేటల చింతకింది మల్లేశం అనే పిలగాడు వాళ్లమ్మ భుజం నొప్పి సూడలేక ఏడేండ్లు కష్టపడి 1999ల ఆసు మిషను చేసిండు. దానికి అమ్మ పేరే పెట్టిండు, లక్ష్మీ ఆసు యంత్రం. 2017ల పద్మశ్రీ ఇచ్చిండ్రు ఆయనకు. అది మా ఇంటికి వచ్చేటాలకు నా భుజం ఎట్లయిందో మీకెరుకే, జడ ఏసుకునేటప్పుడు మీ అమ్మ కావాలె. గని సూడు, ఆ పిలగాడు కొత్త పోకడ యాడ సూసి పట్టుకున్నడు? మగ్గం సూసి కాదు, నమూనా సూసి కాదు. అమ్మ భుజం సూసి.

అగో, నిప్పు తగ్గుతున్నది. ఆ పెద్దపెట్టె తెరిచి కింద చెయ్యి పెట్టు. పాత పేపరుల చుట్టి ఉన్నది. అవును, గా చీరనే. ఎవ్వలు కొనలే, నేను కట్టలే. శనివారం నాడు గది పట్టుకపో. ఆడ అందరు తిప్పి తిప్పి సూస్తరు, వెనుక యాడున్నదని. సూడనియ్యి, దానికి వెనుక లేదు. బట్టకు లేదు గని, బట్ట వెనుక మాత్రం ఎవ్వలో ఒకలు ఉంటరు బిడ్డా. ఆసు ఎవరు పోసిండ్రని ఎవ్వలన్న అడిగితే నా పేరు చెప్పు.

అడగకపోయినా చెప్పు.