అమ్మవారి మచ్చ – టాటానగరము

అరువది యేండ్లు దాటిన మన పెద్దల చేతులపై గుండ్రని మచ్చ యొకటి కానవచ్చును. అది మశూచి టీకా గురుతు. నేటి పిల్లల భుజముపై నుండు చిన్న మచ్చ క్షయ నిరోధక టీకాది. మశూచి టీకాతో వారికి పని లేకపోయినది. ఈ శుభపరిణామ చరిత్రలో మన జంషెడ్‌పూరునకు నొక అధ్యాయము కలదు.

మానవదేహ మొక దుర్గము. చర్మము దాని ప్రాకారము. కన్నీరు, లాలాజలము, జీర్ణాశయమందలి ఆమ్లము ద్వారపాలకులు. వీరిని దాటి వచ్చిన సూక్ష్మక్రిములను తెల్లకణములలో కొన్ని మ్రింగివేయును. ఈ రహస్యమును 1882లో మెచ్నికాఫ్ అను రష్యా శాస్త్రజ్ఞుడు నక్షత్రమత్స్యపు డింభకములో ముల్లు గ్రుచ్చి కనుగొనెను. మరికొన్ని తెల్లకణములు శత్రువు ఆనవాలు పట్టి, దానికి తగిన ప్రతిరక్షకములను తయారుచేసి, ఆ ఆనవాలును ఏండ్ల తరబడి జ్ఞాపకముంచుకొనును. మశూచి సోకి బ్రదికినవారికి అది మరల సోకుట మిక్కిలి అరుదగుటకు కారణ మిదియే.

మన పల్లెలలో ఈ వ్యాధిని 'అమ్మవారు' అని భయభక్తులతో పిలిచి, గుమ్మమునకు వేపమండలు కట్టెడివారు. 1796 మే 14న ఇంగ్లండులో జెన్నర్ అను వైద్యుడు గోమశూచి రసమును ఒక బాలుని చేతికెక్కించి, స్వల్పవ్యాధితో మహావ్యాధి నాపవచ్చునని చూపెను. 1802లో బొంబాయిలో మనదేశపు తొలి టీకా వేయబడెను.

అయినను 1974లో మనదేశమున లక్షా ఎనుబది వేలమందికి పైగా మశూచి సోకెను. వారిలో అత్యధికులు బీహారువారు. జంషెడ్‌పూరు అప్పుడు ఆ రాష్ట్రములోనిదే. పలుచోట్ల పొడసూపిన వ్యాధికి మూలము వెదకుచు ప్రపంచ ఆరోగ్యసంస్థ వైద్యుడు లారీ బ్రిలియంట్ టాటానగర్ స్టేషనుకు వచ్చెను. పనికై వచ్చిన బీదలు జబ్బుపడి, రైలెక్కి స్వగ్రామములకు మరలుచుండిరి; వారితో వ్యాధియు ప్రయాణించుచుండెను. జబ్బుపడినవాడు పుట్టినూరు చేరగోరుట నేరము కాదు. పొట్ట చేతబట్టుకొని ఇదే స్టేషనులో దిగిన మన తెలుగువారికి ఆ బాధ తెలియనిది కాదు.

ఉక్కు కర్మాగారమున ఉన్నతాధికారి యైన రూసీ మోదీని బ్రిలియంట్ కలిసికొనెను. సంస్థ తన వైద్యులను, సిబ్బందిని, వాహనములను ఈ పనికి వినియోగించెను. ఇల్లిల్లు గాలించి రోగులను గుర్తించిరి. వారి చుట్టుపట్ల నున్నవారికి రెండుమొనల సూదితో టీకాలు వేసిరి. మశూచి దేహములో బయటపడుటకు సుమారు 12 దినములు పట్టును. సోకిన మూడు నాలుగు దినములలో టీకా పడినచో దేహము ముందుగానే సిద్ధపడును. ఆ కొలది దినముల వ్యవధియే వారి ఆయుధము. ఆనవాలు పట్టుట, చుట్టుముట్టుట, వ్యాపింపనీయకుండుట – దేహములో తెల్లకణములు చేయు పనినే ఊరును చేసినది.

1975 మే తరువాత భారతదేశమున మశూచి కనబడలేదు. 1980 మే 8న ప్రపంచమంతట అది నశించినట్లు ప్రకటింపబడెను.

దేహము తాను గెలిచిన యుద్ధమును మరువదు; మనుజులు మాత్రము త్వరగా మరతురు. కావున మన పిల్లలకు వేయవలసిన టీకాలను సకాలమున వేయింతము. ఇంట నున్న తాతగారి చేతి మచ్చను ఒకసారి వారికి చూపి, దాని కథ చెప్పుదము.