ఉత్తరవయస్సున ఉద్యమారంభము: గిడుగు రామమూర్తి పంతులుగారి విశ్రాంతజీవితము — ఒక పరిశీలనము

ఇరువదవ శతాబ్దారంభమున ఆంధ్రదేశమున చెలరేగిన గ్రాంథిక వ్యావహారిక వివాదమును గూర్చి వ్రాసినవారిలో పెక్కుమంది దానిని నవ్యతకును ప్రాచీనతకును, యౌవనమునకును వార్ధక్యమునకును నడుమ జరిగిన కలహముగా చిత్రించి యున్నారు. కాని యుభయపక్షముల నాయకుల వయస్సులను ప్రక్కప్రక్కన వ్రాసికొని చూచినచో ఈ చిత్రము నిలువదు. వ్యావహారికపక్షమును నడపిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు 1863లో జన్మించినవారు. ఎదుటిపక్షమునకు ముఖ్యులైన జయంతి రామయ్య పంతులుగారు ఇంచుమించు ఆయన సమవయస్కులే. వేదము వేంకటరాయశాస్త్రిగారు 1853లో పుట్టి యిరువురికంటెను పెద్దలు. 1919లో వ్యావహారికవాదుల సమాజమునకు అధ్యక్షత వహించుటకు సమ్మతించిన కందుకూరి వీరేశలింగము పంతులుగారికి అప్పటికి 70 ఏండ్లు నిండినవి. ఉద్యోగపుబరువు దిగినవారును, దిగబోవువారును, కన్నులు మందగించినవారును, చెవులు వినరానివారును కలసి నడపిన యీ వాదమును యువజనోద్యమ మనుట, పిమ్మట వచ్చిన నవ్యకవుల కీర్తిని వెనుకటివారికి అంటగట్టుటయే యగును. ఈ వ్యాసమున నేను వాదము యొక్క న్యాయాన్యాయములను విచారింప బూనుకొనలేదు. మనుష్యుడు ఉద్యోగము విడిచిన పిదప ఏ బలమున క్రొత్తపనికి పూనుకొనగలడు, ఆ బలము ఎవరివలన నిలుచును అను ప్రశ్నకు పంతులుగారి జీవితమున దొరకు సమాధానమును మాత్రమే పరిశీలింపదలచితిని.

మన ధర్మశాస్త్రములు ఉత్తరవయస్సునకు ఒక మార్గమును నిర్దేశించియే యున్నవి. చర్మము ముడుతలు పడి, తల నెరసి, కుమారునికి కుమారుడు కలిగినంతట గృహస్థుడు వనమునకు పోవలసినదని మనువు విధించినాడు. పంతులుగారి జీవితమున ఈ క్రమము తలక్రిందైనది. ఆయన నడివయస్సున, సంసారభారము నిండుగా నున్న దినములలోనే, పర్లాకిమిడి చెంతనున్న కొండలకును అడవులకును పోయి సవర యను కొండజాతివారితో మెలగిరి. వానప్రస్థము స్వీకరింపవలసిన వయస్సున అడవి విడిచి, సభలకును, విద్యాశాఖ కార్యాలయములకును, ముద్రణాలయములకును వచ్చిరి. శాస్త్రమును ధిక్కరింపవలె నని ఆయన యిట్లు చేయలేదు. ఆయన మనస్సునకు పని యేదో అదియే ఆశ్రమము. అది యెచ్చట నున్న అచ్చటికి ఆయన పోయిరి.

పూర్వవయస్సును కొంత తెలిసికొననిదే ఉత్తరవయస్సు తెలియదు. పంతులుగారు శ్రీకాకుళ ప్రాంతమున వంశధారాతీరమునందలి పర్వతాలపేటయందు జన్మించి, చిన్ననాడే తండ్రిని గోల్పోయి, విజయనగరమున చదువుకొని, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా ప్రవేశించిరి. గురజాడ అప్పారావుగారు విజయనగరమునాటి సహాధ్యాయి. ఆ స్నేహము చివరివఱకును చెడలేదు. ఉపాధ్యాయుడై పాఠములు చెప్పుచునే ప్రయివేటుగా చదివి, 1896లో బి.ఏ. పట్టము పొందిరి. ముఖలింగ దేవాలయ శాసనములను స్వయంకృషితో చదువ నేర్చి, తూర్పుగాంగుల రాజధానియగు కళింగనగరము ఆ ముఖలింగమే యని ప్రతిపాదించిరి. ఇక సవరభాష మాట: అది అప్పటికి లిపి లేనిది, వ్రాతప్రతి లేనిది, ముండా కుటుంబమునకు చెందినది గావున తెలుగునకు గాని ఒరియాకు గాని చుట్టరికము లేనిది. అట్టి భాషను నేర్చుటకై ఆ భాష వచ్చిన యొకనిని ఇంటనే యుంచుకొని, మాట వెంట మాట వ్రాసికొని, క్రమముగా పాఠపుస్తకములు సిద్ధపఱచి, స్వంతవ్యయముతో సవర బాలురకు చదువు చెప్పించిరి. ప్రభుత్వము పారితోషిక మియ్యజూపగా తనకు వలదనియు, ఆ ద్రవ్యముతో సవరలకు బడి పెట్టింపుడనియు కోరి యుండిరి. ఈ కొండల సంచారమునందే చలిజ్వరము పట్టుకొనగా దానికై క్వినైను విశేషముగా వాడుటచేత ఆయనకు చెవుడు వచ్చినదని జీవితచరిత్రకారులు చెప్పుదురు. నోటిమాటయే భాషకు ప్రాణమని జీవితాంతము వాదించినవానికి ఎదుటివాని నోటిమాట సరిగా వినబడకుండుట విధివైపరీత్య మనవలె. ఐనను ఆయన దానిని గూర్చి వగచినట్లు కానరాదు. సభలో ప్రతిపక్షి యేమి పలికెనో వినబడకపోయినను, ఆతడు మునుపు అచ్చువేయించిన పుస్తకము ఆయన మూటలో నుండెడిది.

1911లో పంతులుగారు ముప్పది యేండ్ల యుపాధ్యాయవృత్తి నుండి విరమించిరి. అప్పటి కాయన వయస్సు 48. జయంతి రామయ్య పంతులుగారి ప్రోత్సాహమున మద్రాసులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు స్థాపితమైనదియు ఆ 1911లోనే యగుట గమనింపదగినది. తగవునకు విత్తనము అంతకు నాలుగేండ్ల ముందే పడినది. పాఠశాలల పర్యవేక్షకుడుగా ఉత్తరసర్కారులకు వచ్చిన యేట్సుదొర, తెలుగుపిల్లలు మాటలాడు తెలుగొకటి, బడిలో చదువు తెలుగు వేఱొకటి యగుటేమని సంశయపడి, విశాఖపట్టణమున కళాశాలాధ్యక్షులైన పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగెను. ఆయన దారిచూపగా ఆ ప్రశ్న గురజాడవారి యొద్దకును గిడుగువారి యొద్దకును చేరినది. పంతులుగారికి ఇది క్రొత్త ప్రశ్న కాదు. తరగతిగదిలో మూడు దశాబ్దములు దానితోనే పెనుగులాడి యుండిరి; సవరబాలునకు సవరమాటలతో చదువు చెప్పినవానికి తెలుగుబాలునకు తెలుగుమాటలతో ఏల చెప్పరాదను సందేహము కలుగకుండుట యెట్లు? ఉద్యోగములో నుండగా ఆ సందేహమునకు తీరిక లేకపోయినది. తీరిక చిక్కగానే అది ఉద్యమమైనది. ఉత్తరవయస్సునందలి యారంభములు శూన్యము నుండి పుట్టవనియు, ఉద్యోగకాలమున పట్టక మిగిలిపోయిన దేదో ఆ యారంభమునకు మూలధన మగుననియు నేను భావించుటకు పంతులుగారి జీవితమునందలి యీ ఘట్టమే ముఖ్యాధారము.

పిమ్మటి చరిత్ర సుప్రసిద్ధము గావున దానిని సంగ్రహముగానే చెప్పెదను. 1913లో ఆధునికాంధ్రమును గూర్చి ఆంగ్లమున ఒక విజ్ఞాపనమును ప్రకటించిరి. పాఠశాల తుదిపరీక్షయందు వ్యావహారికరచనకు కొంతకాలము అనుమతి లభించి, పిదప ఉపసంహృతమైనది. 1914లో గురజాడవారు గ్రాంథికపక్షముతో విభేదించుచు తమ అసమ్మతి పత్రమును వ్రాసిరి. మరుసటి యేడు నవంబరు 30న ఆయన కాలధర్మము నొందిరి. ప్రభుత్వము త్రోసిపుచ్చెను, ప్రియమిత్రుడు పోయెను, తనకు ఏబది రెండేండ్లు వచ్చెను. ఇచ్చట ఆగిపోవుటకు కారణములు చాల గలవు. పంతులుగారు ఆగలేదు, ప్రభుత్వమును విడిచి జనమును ఆశ్రయించిరి. ఊరూర సభలు చేసి, పుస్తకముల మూటలు విప్పి, గ్రాంథికమున వ్రాయుచున్నా మనువారి వ్రాతలలోనే గ్రాంథికవ్యాకరణమునకు విరుద్ధములైన ప్రయోగములను ఎత్తిచూపి, పూర్వులు గద్యమున వాడుకమాటలనే వ్రాసినారనుటకు వ్యాఖ్యానములను, దక్షిణాంధ్రయుగపు వచనమును సాక్ష్యముగా నిలిపిరి. 1919లో ‘తెలుగు’ అను మాసపత్రికను స్థాపించిరి. అది యొక యేడాదికి మించి నడువలేదు. (నేనిప్పుడు వ్రాయుచున్న యీ వాక్యములనే ఆయన చూచి యుండినచో ఎఱ్ఱసిరా తెప్పించుకొని కూర్చుండి యుండెడివారు. పాతశైలిపై మమకారము పోనివారము ఆయన కోపమునకు పాత్రులమే.)

ఇక ఆలంబనమును గూర్చి. వార్ధక్యమున మనుష్యునకు అండ యనగా కుటుంబము చేయు సేవయని మనము సామాన్యముగా తలంతుము. పంతులుగారికి ఆ భాగ్యము కొఱతపడలేదు. కుమారులలో గిడుగు వేంకట సీతాపతిగారు తండ్రి భాషాకృషికి కుడిచేయి వంటివారై, పిదప తామును పండితులుగా పేరొందిరి. ఐనను నా పరిశీలనమున తేలిన దేమనగా, ఆయనకు అంతకంటె బలమైన యండలు రెండు కలవు. మొదటిది వీరేశలింగముగారు. జీవితమంతయు గ్రాంథికమున వ్రాసి, ఆ శైలిలో మేటి వచనరచయితగా పేరుపొంది, 1910లో సహధర్మచారిణి రాజ్యలక్ష్మమ్మగారిని గోల్పోయిన ఆ వృద్ధుడు, తన శైలికే ప్రతికూలమైన సమాజమునకు 1919 ఫిబ్రవరిలో రాజమహేంద్రవరమున అధ్యక్షుడగుటకు అంగీకరించెను. మే నెలలో ఆయన గతించెను. మూడు నెలల యధ్యక్షత వలన ఆ సమాజమునకు పనులెన్ని జరిగినవను లెక్క యిచ్చట అప్రస్తుతము. ఏబదియైదేండ్ల పంతులుగారికి తనకంటె పదునైదేండ్లు పెద్దయైనవాడు అభిప్రాయము మార్చుకొని వచ్చి ప్రక్కన కూర్చుండుట యెంతటి బలమో ఊహింపవచ్చును.

రెండవ యండ ప్రతిపక్షులే యనినచో పాఠకులు నవ్వుదురేమో. కాని వారు లేనిచో పంతులుగారు ఆ వయస్సున తాళపత్రములను తిరుగవేయుటకును, శాసనముల భాషను మరల శోధించుటకును, అర్ధరాత్రి దీపము వెలిగించుకొనుటకును హేతువేమున్నది? రామయ్య పంతులుగారు గట్టివారు, చదివినవారు, పట్టుదల గలవారు. అట్టివారితో వాదించుటకు నిత్యము పదును పెట్టుకొనవలసినదే. ఈ సంబంధము ఏకపక్షము కూడ కాదు. రామయ్య పంతులుగారు ప్రభుత్వోద్యోగమున డిప్యూటీ కలెక్టరు పదవి చేసి, పిదప తమ వార్ధక్యమును పిఠాపురాధీశుని పోషణమున వెలువడిన సూర్యరాయాంధ్ర నిఘంటువునకు ధారపోసిరి. దాని ప్రథమసంపుటము 1936లో వెలువడినది. తుదిసంపుటములను చూచుభాగ్యము ఆయనకు లేకపోయినది. ఇరువురు విశ్రాంతోద్యోగులు, ఎదురెదురుగా నిలిచి, ఒకరినొకరు విశ్రమింపనీయని యీ దృశ్యమును మన సాహిత్యచరిత్రలు జయాపజయముల లెక్కలలో మఱచినవి. 1924లో కాకినాడలో పరిషత్తు వ్యావహారికముపై నిషేధమును తొలగించినప్పుడు గెలుపు గిడుగువారిదే యైనది. కాని నిఘంటువు రామయ్యగారిదే, దానిని నేడు ఉభయపక్షములవారును బల్లమీద నుంచుకొనుచున్నారు.

ఆలంబనము లేనిచో నేమగునో తెలియవలె ననిన సి.పి. బ్రౌనుదొర చరిత్రము చూడదగును. 1798లో కలకత్తాలో పుట్టి, 1820లో కడపలో తెలుగు మొదలుపెట్టి, ఇల్లు కొని, జూలూరి అప్పయ్య, ములుపాక బుచ్చయ్యశాస్త్రి మున్నగు పండితులను జీతములిచ్చి చేర్చుకొని, వ్రాతప్రతులను సేకరించి, సరిచూపించి, వేమన పద్యములను ముద్రించి, నిఘంటువులను వెలువరించిన ఆ మహాశయుడు అనారోగ్యముచే ఉద్యోగము విడిచి, 1855లో ఇంగ్లండు చేరెను. ఆయన చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. వ్యాకరణమును 1857లో మరల ముద్రింపించెను. 1865లో, 66 ఏండ్లు దాటిన వయస్సున, లండను యూనివర్సిటీ కళాశాలలో తెలుగునకు ఆచార్యుడయ్యెను. తన సాహిత్యజీవితమును తానే వ్రాసికొని అచ్చొత్తించెను. సంకల్పమునకు కొఱత లేదు, పదవియు దొరకినది. లేనిదెల్ల చుట్టును తెలుగు మాట. సంశయము తీర్చుటకు బుచ్చయ్యశాస్త్రి లేడు, తప్పుపట్టుటకు రామయ్య పంతులు లేడు. 1884లో ఆయన లండనులోనే మరణించెను. తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును సంస్కరించి 1903లో మరల వెలువరించుట మద్రాసు రాజధానిలో జరిగినది. ఆ సంస్కర్తలలో వీరేశలింగముగా రొకరు. బ్రౌనుదొర కడపలో చేసినదానికిని లండనులో చేసినదానికిని గల తారతమ్యమును వయోభేదముతో మాత్రమే సమర్థించుట నాకు సమ్మతము కాదు. పంతులుగారు సవర–ఇంగ్లీషు నిఘంటువును వెలువరించినది 1938లో. అప్పటి కాయనకు 75వ యేడు నడుచుచున్నది.

ఆ నిఘంటువు మాట వచ్చినది గావున ఇంకొక విషయము చెప్పవలసి యున్నది. ఉద్యమవేగమున పంతులుగారు సవరలను మఱచి యుందురని తలంచువారు కలరు. మఱవలేదు. 1931లో సవరభాషా వ్యాకరణగ్రంథము వెలువడినది. ఆ తరువాత నిఘంటువులు వచ్చినవి. సభలలో పండితులతో పోరాడు దినములలోనే, ఇంట నలుబదియేండ్లనాటి కాగితములు మరల తీసి సరిదిద్దుచుండిరన్నమాట. 1933లో రాజమహేంద్రవరమున సప్తతిమహోత్సవము జరిగి, మిత్రులు వ్యాససంపుటము నొకదానిని సమర్పించిరి. మఱునాటినుండి మరల పని. సన్మానమును ముగింపుగా గ్రహింపని వృద్ధులు అరుదు. సన్మానసభ పిదప ఏమి వ్రాసిరను ప్రశ్నకు మన పెద్దలలో ఎందఱి చరిత్రలు నిలుచునో సంశయమే.

1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేకరాష్ట్ర మైనది. పర్లాకిమిడి అందు చేరినది. దీనిని ప్రతిఘటించిన పంతులుగారు, అర్ధశతాబ్దమునకు పైగా నివసించిన ఊరిని విడిచి, 72 ఏండ్ల వయస్సున రాజమహేంద్రవరము వచ్చి క్రొత్తగా కాపురము పెట్టిరి. ఈ నిష్క్రమణమును గొప్ప త్యాగముగా వర్ణించుట సులభము. నాకు మాత్రము ఇందు లెక్క చూచుకొన్నవాని వివేకమే యెక్కువగా కనబడుచున్నది. ఉద్యమము గోదావరితీరమున నున్నది. అచ్చు, సభ, శిష్యులు, శత్రువులు అందఱును అచ్చటనే. బ్రౌనుదొర పోగొట్టుకొన్న పరిసరమును పంతులుగారు వెదకికొని పోయి చేరిరి.

1940 జనవరి 22న ఆయన దేహయాత్ర ముగిసినది. దానికి వారము ముందు, 15వ తేదీన, మద్రాసులో ప్రజామిత్ర కార్యాలయమున పత్రికాసంపాదకులను సమావేశపఱచుకొని, పత్రికలను వ్యావహారికమున నడపవలసినదిగా విజ్ఞప్తి చేసిరి. ఉద్యమము తొలినాళ్లలో ఆయన విద్యాశాఖను ఒప్పింపజూచిరి. పిదప పండితులను, కవులను ఒప్పించిరి. పాఠ్యపుస్తకముల మాట తెమలలేదు, విశ్వవిద్యాలయములు కదలలేదు. దినపత్రికలు మాత్రము ప్రతియుదయమును జనము చేతిలో పడుచుండెను. 76 ఏండ్ల వయస్సున, వినరాని చెవులతో, ఆయన ఆ సంపాదకులను క్రొత్త శ్రోతలుగా ఎన్నుకొని, వాదమును మరల మొదటినుండి చెప్పుట కారంభించిరి.