ఒక సెకను ఆయుష్షు

మా అమ్మమ్మ వాళ్ళ చేలో కలుపు తీసేటప్పుడు ఆడవాళ్ళ కాళ్ళ చుట్టూ బుడగలు లేచేవి. గోదావరి డెల్టాలో నీళ్ళు నిలబెట్టిన వరిచేను. అడుగు తీసి అడుగు వేస్తే బుడబుడమంటూ పైకొచ్చేవి. "భూమి ఊపిరి తీసుకుంటోందే" అనేది అమ్మమ్మ. అది మీథేన్ అని ఎమ్మెస్సీకి వచ్చాక గానీ నాకు తెలియలేదు. ఆ బుడగకీ అమెరికాలో ఒక ప్రయోగశాలలోని లేజర్‌కీ మధ్య లెక్కల పేచీ ఒకటి నడిచిందని తెలియడానికి ఇంకో ఇరవై ఏళ్ళు పట్టింది.

గాలిలోకి వెళ్ళిన మీథేన్‌లో ఎక్కువ భాగాన్ని నాశనం చేసేది హైడ్రాక్సిల్ రాడికల్. ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్, జత కుదరని ఒక ఎలక్ట్రాన్. (నేను చదువుకునే రోజుల్లో బోర్డు మీద 'రాడికల్' అని రాస్తే వెనక బెంచీల్లో నవ్వులు. ఆ మాటకి అప్పట్లో పోలీసులు చెప్పే అర్థమే అందరికీ గుర్తొచ్చేది. తెలుగు పాఠ్యపుస్తకం దాన్ని 'ప్రాతిపదిక' అంది. ఎవరూ నవ్వలేదు, ఎవరికీ అర్థమూ కాలేదు.) గాలిలో దాని ఆయుష్షు సుమారు ఒక సెకను. నేలకి దగ్గరగా ఘన సెంటీమీటరు గాలిలో దాదాపు రెండున్నర లక్షల కోట్ల కోట్ల అణువులుంటే, అందులో ఇవి ఓ పదిలక్షలు. ఇంత తక్కువగా వుండి, ఇంత త్వరగా పోయేది ఎంత వేగంతో పని చేస్తుందో కొలవడం ఎలా?

రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ నౌకాదళంలో రాడార్ పని చేసొచ్చిన జార్జ్ పోర్టర్, కేంబ్రిడ్జ్‌లో తన గురువు నారిష్‌తో కలిసి 1949 ప్రాంతంలో ఒక దారి చూపించాడు. పెద్ద మెరుపుతో అణువుల్ని విడగొట్టడం, కొంచెం ఆగి రెండో మెరుపుతో ఏం మిగిలిందో చూడడం. 1967లో ఐగెన్‌తో పాటు ఇద్దరికీ నోబెల్ వచ్చింది. కానీ ఆ దీపాల మెరుపు సెకనులో లక్షల వంతుల పాటు సాగేది. 1960లో లేజర్ వచ్చాక, కొన్నేళ్ళలోనే, అది వందకోట్ల వంతులకి దిగింది.

పద్ధతి చెప్పుకుంటే మన వంటింటి ఓపిక లాంటిదే. గాజుపాత్రలో హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆవిరి. 248 నానోమీటర్ల లేజర్ ఒక్కసారి తగిలితే, దాన్ని మింగిన అణువు రెండు హైడ్రాక్సిళ్ళుగా చీలుతుంది. కాసేపాగి 282 దగ్గర రెండో లేజర్. దాన్ని మింగిన హైడ్రాక్సిల్ 309 దగ్గర మినుకుమంటుంది. ఆ మినుకు ఎంత వుంటే రాడికల్ అంత మిగిలినట్టు. ఆ ఆగే వ్యవధిని మారుస్తూ, వేల మెరుపులు కొట్టి, సగటు తీస్తే ఒక వక్రరేఖ వస్తుంది. మీథేన్ పాళ్ళు పెంచుతూ మళ్ళీ, మళ్ళీ. రేఖ ఎంత నిటారుగా పడిపోతే చర్య అంత వేగం. అయితే మీథేన్ బద్ధకపు వాయువు. అందులో రవ్వంత ఈథేన్ కలిసినా లెక్క పాడవుతుంది, ఎందుకంటే ఈథేన్ ఈ రాడికల్‌తో దాదాపు నలభై రెట్లు వేగంగా కలుస్తుంది.

ఇలాంటి పనే చేయాలని నాకుండేది. లేజర్ గది రాత్రుళ్ళు నడిచేది. "రాత్రిపూట లాబులో ఆడపిల్లలెందుకమ్మా, సింథసిస్ తీసుకో" అన్నారు మా పెద్దాయన, ప్రేమగానే. తీసుకున్నాను. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళు మహిళా కళాశాలలో ఆ వక్రరేఖని బోర్డు మీద గీశాను, చేత్తో.

క్లాసులో ఓజోన్ గురించి చెప్తూ "మొలీనా కనుక్కున్నాడు" అనేదాన్ని. అంటార్కిటికా మీద క్లోరిన్ మోనాక్సైడ్ రాడికళ్ళు రెండు జతకట్టడం గురించిన 1987 పరిశోధన వ్యాసం ఒకరోజు చేతికొచ్చింది. మొదటి పేరు ఎల్.టి. మొలీనా, రెండోది ఎం.జె. మొలీనా. మొదటిది లూయిసా, బర్క్‌లీలో మారియోతో కలిసి చదివి, పెళ్ళాడిన కెమిస్టు. 1995 నోబెల్‌కి ఆధారం ప్రధానంగా 1974 నాటి పని కాబట్టి ఆమెకి బహుమతి ఎగ్గొట్టారని నేననను. నేననేది నా సంగతే. ఒకే ఇంటిపేరు కనిపిస్తే అది మగవాడిదని ఇన్నేళ్ళూ చెప్పింది నేనే. సర్టిఫికెట్ల మీద ఒక ఇంటిపేరు, జీతం రశీదు మీద ఇంకో ఇంటిపేరు వున్నదాన్ని.

మీథేన్ దగ్గరికొస్తాను. 1991లో బౌల్డర్‌లోని నోవా ప్రయోగశాలలో వాఘ్‌జియానీ, మైసూరులో చదివిన రవిశంకర కలిసి ఆ వేగాన్ని మళ్ళీ కొలిచారు. అంతవరకూ నమ్మినదానికన్నా సుమారు ఐదో వంతు తక్కువ తేలింది. అంటే మీథేన్ గాలిలో ఇంకొంచెం ఎక్కువ కాలం నిలుస్తుంది. పోయేది తక్కువైతే, వచ్చేదీ అనుకున్నంత లేదన్నమాట. సరిగ్గా అప్పుడే వరిచేల మీద నేరం మోపుతున్నారు. 1990 ఐపీసీసీ నివేదిక ప్రపంచ వరిచేలకి ఏడాదికి 11 కోట్ల టన్నుల మీథేన్ అంటగట్టింది. భారత్ వాటా దాదాపు 3.8 కోట్లని ఒక అమెరికన్ అంచనా. 1991లో ఎ.పి. మిత్రా ఆధ్వర్యంలో మన పరిశోధకులు చేలల్లో పెట్టెలు బోర్లించి కొలిస్తే సుమారు 40 లక్షలు వచ్చింది. అదే ఏడాది సునీతా నారాయణ్, అనిల్ అగర్వాల్ ఒక చిన్న పుస్తకంలో, బతకడానికి వెలువడే వాయువునీ కార్ల విలాసపు వాయువునీ ఒకే గాటన కట్టొద్దన్నారు. 1992 నాటికి ఐపీసీసీ అంకె 6 కోట్లకి దిగింది.

లేజర్ మన చేలని నిర్దోషులని తేల్చిందని రాయాలని ఉబలాటంగానే వుంది. కానీ అది నిజం కాదు. లేజర్ మొత్తం ఖాతాని తగ్గించిందంతే. ఏ పద్దులోంచి తీసెయ్యాలో అది చెప్పదు. దానికి బురదలో దిగాల్సిందే.

ఇప్పుడు నీటిని నిలబెట్టకుండా ఆరబెట్టి తడిపితే మీథేన్ తగ్గుతుందంటున్నారు. తగ్గుతుంది, కొలతలున్నాయి. మొన్న ఊరెళ్ళినప్పుడు ఆ మాటే గట్టు మీద చెప్పబోయాను. నడుం మీద చెయ్యి పెట్టుకుని లేచిన ఒకామె నన్ను ఎగాదిగా చూసింది. "నీళ్ళు తీసేస్తే కలుపు రెండింతలు మొలుస్తాదమ్మా. అది నువ్వు తీస్తావా?"