ఆనకట్టయు, పులస చేపయు

కాకినాడకు దక్షిణమున గౌతమి సముద్రముతో కలియుచోట, ఆషాఢ శ్రావణములలో ఎఱ్ఱనీరు కడలిలోనికి చొచ్చుకొనిపోవును. ఆ మంచినీటి జాడ పట్టుకొని విలస చేప నదిలోనికి ఎదురెక్కును. సముద్రమున విలస అనిపించుకొన్నదే గోదావరిలో ఎదురీదిన పిదప పులస అగును. గుడ్లు పెట్టుటకు దానికి మంచినీరే కావలెను. పిల్లలు కొంత పెరిగి మరల కడలి చేరును.

పూర్వము ఈ దారికి అడ్డు లేదు. 1847లో సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరమువద్ద ఆనకట్ట పని ప్రారంభించెను. 1852 నాటికి అది పూర్తియైనది. డెల్టా అన్నపూర్ణయైన కథ అందరెరిగినదే. చేప కథను అంతగా ఎవరును చెప్పుకొనరు. సాల్మన్ చేపవలె గోడపైకి ఎగిరి దూకుట పులసకు చేతకాదు. పెద్ద వరదలో ఆనకట్ట మునిగి, ఎగువ దిగువ నీటిమట్టములు దగ్గరపడినప్పుడే అది పైకి పోగలదు. వరద చాలని యేట గోడ క్రిందనే గుమిగూడి వలలకు చిక్కును. జాలరికి అది పండుగవలెనే తోచును గాని, కడుపులోని గుడ్లు నదికి దక్కవు.

విచిత్రమేమనగా, నదులకు అడ్డముగా కట్టిన కట్టలవలన మత్స్యసంపద దెబ్బతినునేమోయని 1867లో ప్రశ్న లేవదీసినది కాటనే! మద్రాసు సైన్యపు వైద్యుడు ఫ్రాన్సిస్ డే ఆ విషయమును పరిశోధించెను. కట్టలలో చేపలకు దారులు విడువవలెనని ఆయన సలహా. 1873లో ఆయన నివేదిక వెలువడినది. అయితే దూకుట ఎరుగని చేపకు మెట్లదారి కట్టినను ప్రయోజనము స్వల్పమే.

పాత ఆనకట్టకు బదులు 1982లో 175 తలుపుల బ్యారేజి వచ్చినది. తలుపులెత్తినప్పుడు నది తెరచుకొనును. దించినంతనే దారి మూసికొనును. వాటిని ఎత్తు వేళను వరదమట్టమును, కాలువల అవసరమును బట్టి నిర్ణయింతురు. పులస వచ్చుటయు ఆ నెలలలోనే.